ఫోను చెప్పుకొనే ప్రవర

అమలాపురంలో ఒక చిన్న ఆసుపత్రి. మా బావగారిని ఆయాసంతో రాత్రి అక్కడ చేర్పించాము. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ కరెంటు పోయింది. అర నిమిషంలో జనరేటరు అందుకుంది, దీపాలు వెలిగాయి, పంకాలు తిరిగాయి. బల్లమీది ఫోను మాత్రం లేవలేదు. దాని చిన్న తెరమీద ఇంగ్లీషు మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చి మాయమవుతున్నాయి. పెద్ద డాక్టరుగారికి నర్సమ్మ అంతకు ముందే తన సెల్‌ఫోనుతో కబురు చేసింది. ఆయన పది నిమిషాలలో ఆసుపత్రి నెంబరుకే తిరిగి చేసి ఏ మందు ఇవ్వాలో చెబుతానన్నారట. ఆ కబురుతోనే ఆమె సెల్‌ఫోనులో ఛార్జింగు అడుగంటింది. ఆయన నెంబరు ఆ సెల్లులోనే ఉండిపోయింది. అక్కడ ఆయన నొక్కుతూనే ఉన్నారు, ఇక్కడ మోగడం లేదు.

"ఏమ్మా, పాడైందా ఇది?" అన్నాను.

"లేదండీ మాస్టారూ, బాగానే ఉందండి. రిజిస్టరవుతోందండి. ఆయ్, ఓ అయిదు నిమిషాలండి."

పొలం రిజిస్టరవడం తెలుసు, పెళ్ళి రిజిస్టరవడం తెలుసు. బల్లమీద కదలకుండా కూర్చున్న ఫోను ఎక్కడ, ఎవరి దగ్గర రిజిస్టరవుతున్నట్టు? ఆ ఏడెనిమిది నిమిషాలూ దాని తెరనే చూస్తూ నిలబడ్డాను. చివరకు మోగింది. డాక్టరుగారు చెప్పిన సూది వేశారు. బావగారు క్షేమం, ఇప్పుడు ముక్తేశ్వరం ఏటిగట్టు మీద సాయంత్రాలు నడుస్తున్నారు కూడాను. కనుక ఆయన ప్రసక్తి ఇంతటితో చాలు. మరునాడు హైదరాబాదునుంచి దిగిన మేనల్లుడిని (వాడి ఉద్యోగమే ఈ నెట్‌వర్కులతో) కూర్చోబెట్టి ఆ ఎనిమిది నిమిషాల లెక్క అడిగాను. వాడు చెప్పినదీ, ఆ తరువాత నేను చదువుకొన్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. పరికరం కథ అనుకొని మొదలుపెట్టాను. తీరా చూస్తే అది చరిత్ర.

ముందు పాత ఫోను సంగతి. దానికి మేలుకోవడమనే పనే లేదు, ఎందుకంటే అది నిద్రపోయి ఎరుగదు. రిసీవరు ఎత్తితే చాలు, 'గుర్ర్'మని ఒక ఏకనాదం వినబడేది. ఆ నాదం మన ఇంట్లో పుట్టినది కాదు, ఎక్స్ఛేంజిలో పుట్టి తీగవెంట నడిచివచ్చినది. ఫోనుకు కావలసిన కరెంటు కూడా అదే తీగవెంట వచ్చేది. ఎక్స్ఛేంజిలో వరుసగా పేర్చిన బ్యాటరీలు 48 వోల్టులు ఇస్తాయి. అందులోనూ ధన ధ్రువాన్ని భూమికి కలిపి తీగను ఋణ విద్యుత్తు మీద ఉంచుతారు. అలా ఉంచితే తడినేలలో రాగి త్వరగా తినిపోదట. మూరెడు తవ్వితే నీరు ఊరే మా కోనసీమకు ఎంత అవసరమైన ఏర్పాటో చూడండి. మన ఇంట కరెంటు ఉన్నా పోయినా ఆ బ్యాటరీలకు పట్టదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను మా ప్రాంతంలో ఎవరూ మరచిపోరు. ఆ సాయంత్రం వీధి వీధంతా చీకటైన తరువాత కూడా, మా వీధిలో ఫోనున్న ఒకే ఒక ఇంట్లో ఆ ఫోను పలుకుతూనే ఉంది. కొబ్బరిచెట్లు విరిగి స్తంభాలమీద పడేవరకూ పలికింది. ఆ తరువాత చాలా రోజులు మూగవోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఫోనుకు తన పేరు తెలియదు. నెంబరూ తెలియదు. ఎవరూ దానికి చెప్పలేదు, చెప్పినా పెట్టుకొనేందుకు దానికి బుర్ర లేదు. అది ఏ జత తీగల కొసన ఉన్నదో ఆ జతే దాని పేరు, అదే దాని ఊరు. ఆ తెలివంతా అవతలి కొసన, ఎక్స్ఛేంజిలో ఉండేది. మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో ఎక్స్ఛేంజీలు మొదలైన నాటికి ఆ తెలివి మనిషి రూపంలో ఉండేది. ఆపరేటరు తన ముందున్న పలక మీద చిన్న మూత ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరు పిలుస్తున్నారో గుర్తించి అడిగినవారికి తీగ కలిపేది. అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన (వృత్తిచేత శవసంస్కారాలు ఏర్పాటు చేసేవాడు) 1891లో ఆ ఆపరేటరు అవసరం లేని యంత్రానికి పేటెంటు పొందాడు. ఊరి ఆపరేటరు తన బేరాలన్నీ పోటీదారుకు కలుపుతోందన్న ఉక్రోషంతో కనిపెట్టాడని ఒక కథ ఉన్నది. కథ నిజమో కాదో గాని, అతని యంత్రం 1892లో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్ అనే ఊరిలో పనిచేయడం మొదలుపెట్టింది. మనిషి తలలోని తెలివి యంత్రానికి మారింది, కాని ఎక్స్ఛేంజి గడప మాత్రం దాటలేదు.

మనకు ఆ దశ ఆలస్యంగా వచ్చింది. ఆపరేటరు చేతి మీదుగా కాకుండా ఊరినుంచి ఊరికి నేరుగా నెంబరు త్రిప్పే ఎస్.టి.డి. మన దేశంలో మొదట 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. నా చిన్నతనంలో, అంటే ఆ తరువాత పది పదిహేనేళ్ళకు కూడా, మావంటి పల్లెలకు ట్రంకు కాలే గతి. తపాలా ఆఫీసులో పేరు వ్రాయించుకొని అరుగుమీద కూర్చోవడం. మామూలు కాలు, అర్జంటు కాలు, లైట్నింగు కాలు అని మూడు తరగతులు. లైట్నింగు పెట్టారంటే ఎవరో పోయారని వీధికంతటికీ తెలిసిపోయేది. పల్లెల తలరాత మార్చినది సి-డాట్. 1984లో పుట్టిన ఆ సంస్థ తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారి నెలకొన్నది. దానికి చల్లగాలి యంత్రాలు అక్కరలేదు. మన ధూళినీ ఎండనూ ఓర్చుకొనేటట్లు మనవాళ్ళు చేసినది. అటువంటి పెట్టెలు ఊరూరా వెలిసిన తరువాతే పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు రోడ్లమీద కనిపించాయి. ఇందులోనూ సూత్రం మారలేదు. ఇంట్లో ఉన్నది చెవీ నోరూ మాత్రమే, తెలివి ఎక్స్ఛేంజిలో.

ఆ తెలివిని తిరగేసినది అంతర్జాలం.

మాటను ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కమీద చిరునామా వ్రాసి, ఉత్తరాలలాగా పంపించి, అవతల తిరిగి అతికించవచ్చునని 1974లో డానీ కోహెన్ బృందం నిరూపించింది. దక్షిణ కాలిఫోర్నియాకూ, మాసచూసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలకూ మధ్య ఆర్పానెట్ మీదుగా ఆ మాట నడిచింది. బజారులో అమ్మకానికి రావడానికి మరో ఇరవై యేళ్ళు పట్టింది. 1995లో వోకల్‌టెక్ అనే ఇజ్రాయెలు కంపెనీ కంప్యూటరుతో మాట్లాడే సాఫ్ట్‌వేరు అమ్మింది. అదే ఏడు ఆగస్టు 15న మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. అంతర్జాలాన్ని ప్రజలకు తెరిచింది. కాని అంతర్జాలం మీద మాట్లాడడాన్ని మన ప్రభుత్వం 2002 ఏప్రిల్ 1నుంచి గాని అనుమతించలేదు, అదీ పరిమితులతో. ఇక కంప్యూటరు ప్రక్కన పెట్టి, అచ్చంగా ఫోను ఆకారంలోనే ఉండి నెట్‌వర్కు తీగకు తగులుకొనే పరికరం తయారుచేసిన తొలివారిలో సెల్సియస్ సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ ఒకటి. దానిని 1998లో సిస్కో కొనివేసింది. ఈ సెల్సియస్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఈ కొత్త ఫోను ఏ జత తీగలకూ కట్టుబడదు. ఏ గదిలో, ఏ ఊరిలో తగిలించినా పనిచేయాలి. కనుక ఎక్స్ఛేంజి ఇన్నాళ్ళూ దాని తరఫున గుర్తుపెట్టుకొన్న సంగతులన్నీ అది తానే అడిగి తెలుసుకోవాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మొదటినుంచి అడగాలి. ఆసుపత్రి బల్లమీద నేను చూసినది ఆ ప్రశ్నావళినే. కర్మకాండలో కర్త తన గోత్రం, ఋషులు, శాఖ, పేరు చెప్పుకొని గాని ముందుకు పోడు కదా, ఇది ఫోను చెప్పుకొనే ప్రవర.

మొదటి మాట కరెంటుతో. ఆఫీసు ఫోనుకు గోడ ప్లగ్గు ఉండనవసరం లేదు. నెట్‌వర్కు తీగలోనే కరెంటు వస్తుంది. 2003లో దీనికొక ప్రమాణం ఏర్పడింది. అయితే ఫోను అనుకొని కంప్యూటరుకో మరోదానికో కరెంటు తోస్తే అది మాడిపోతుంది. అందువల్ల స్విచ్చి (దీపాల స్విచ్చి కాదు, ఆఫీసు తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె) ముందుగా పది వోల్టులలోపు చిన్న విద్యుత్తుతో తడిమి చూస్తుంది. అవతల దాదాపు 25 వేల ఓముల నిరోధం తగిలితే 'ఇది కరెంటు అడిగే జాతి' అని గుర్తుపట్టి, అప్పుడు పూర్తి ప్రవాహాన్ని వదులుతుంది. ఎన్ని వోల్టులనుకొన్నారు? సుమారు 48. పాత ఎక్స్ఛేంజి బ్యాటరీల అంకే! అరవై వోల్టులలోపు మనిషికి పెద్ద అపాయం లేదన్నది ఒక కారణం, ఆ వోల్టేజికి సామగ్రి చేయడం టెలిఫోను వారికి తరతరాలుగా అలవాటన్నది మరొకటి. రూపం మారినా ఇంటి ఆచారం మిగిలినట్లు అనిపించి నాకు ముచ్చటేసింది. తేడా మాత్రం ఒకటున్నది. ఆ 48 ఊరవతలి బ్యాటరీలనుంచి వచ్చేది, ఈ 48 అదే ఇంటి బీరువాలోని పెట్టెనుంచి వస్తుంది. ఆ పెట్టెకు కరెంటు పోతే దీనికీ పోయినట్టే.

కరెంటు అందగానే ఫోను తన లోపలి చిన్న ప్రోగ్రామును లేపుకొంటుంది. స్విచ్చి ప్రతి అరనిమిషానికీ 'నేను ఫలానా' అని చాటుకొనే మాటను చెవినపెట్టుకొని, మాటలకు కేటాయించిన దారి ఏదో తెలుసుకొంటుంది. ఒకే తీగ మీద ఆఫీసు కంప్యూటర్ల దస్త్రాలూ ఈ మాటలూ పోవాలి. దస్త్రం ఒక క్షణం ఆగినా ఫరవాలేదు, మాట ఆగకూడదు. అందుకని ఒకే గట్టుమీద బండ్లకొక బాట, మనుషులకొక బాట అన్నట్లు, ముక్కల మీద అంకె వేసి వేరుచేస్తారు. 1998 నాటి ప్రమాణమది.

ఇహ చిరునామా. నాకు అన్నిటికంటె నచ్చిన ఘట్టం ఇదే. ఫోనుకు పుట్టుకతో వచ్చిన అంకె ఒకటున్నది, 48 బిట్లది (ఈ 48కీ ఆ 48కీ చుట్టరికం లేదు). అందులో మొదటి సగం తయారుచేసినవారిది, రెండవ సగం ఆ ఒక్క పరికరానిది. అంటే గోత్రమూ నామధేయమూ అన్నమాట. కాని గోత్రం చెబితే ఉత్తరం చేరదు, వీధి చిరునామా కావాలి. దానిని ఇచ్చేవారు ఎవరో, ఎక్కడ ఉన్నారో ఫోనుకు తెలియదు. తెలియని ఊరిలో తెలియనివారిని ఎలా అడగడం? వంతెనలు లేని రోజులలో పొద్దుగూకిన తరువాత మా రేవులో నిలబడి "పడవోయ్!" అని కేక వేసేవాళ్ళం. ఏ పడవవాడు వింటాడో తెలియదు, ఎవరు దగ్గరుంటే వారు పలుకుతారు. ఫోను చేసేదీ అదే. తన చిరునామా చోట సున్నాలు పెట్టి, చేరవలసిన చోట 'అందరూ' అని అర్థమిచ్చే 255.255.255.255 పెట్టి కేకవేస్తుంది. విన్న సర్వరు 'ఈ చిరునామా తీసుకో' అంటుంది. 'సరే, అదే ఇప్పించండి' అని ఇది మళ్ళీ అడుగుతుంది. 'ఇచ్చాను' అని అది ఖాయం చేస్తుంది. నాలుగు మాటల బేరం.

శాశ్వతంగా ఇవ్వదు సుమండీ, కౌలుకు ఇస్తుంది. కొబ్బరితోట కౌలు లాగా దానికొక గడువు. గడువు సగం కాగానే ఫోను వెళ్ళి పొడిగింపు అడుగుతుంది. యజమాని పలకకపోతే ఎనిమిదింట ఏడు పాళ్ళు గడిచాక, ఎవరైనా సరే పొడిగించండి అని మళ్ళీ అందరినీ అడుగుతుంది. మా వైపు కౌలుదార్లకు ఇంత ముందుచూపు ఉంటే సగం తగాదాలు ఉండేవి కావు. ఎవరూ పలకకపోతే కేకకూ కేకకూ మధ్య 4, 8, 16, 32 సెకన్లు అని ఎడం పెంచుకొంటూ పోవాలని కట్టడి. పైగా ఒక సెకను అటూ ఇటూ యాదృచ్ఛికంగా జరగాలట. కరెంటు రాగానే ఆఫీసులోని వంద ఫోన్లూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినబడదు కదా. హాజరు పిలిచేటప్పుడు తరగతంతా ఒక్కసారి "ప్రెజెంట్ సార్" అంటే ఏమవుతుందో నాకు తెలుసు.

ఈ పద్ధతి ఫోన్లకోసం పుట్టలేదు. 1980లలో డిస్కు లేని చవక కంప్యూటర్లు వచ్చాయి. అవి లేవగానే తామెవరో తమకే తెలియని స్థితి. వాటికోసం 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనే ఇద్దరు బూట్‌పీ అనే పద్ధతిని వ్రాశారు. దానికి కౌలు అనే భావం చేర్చి 1993లో డీహెచ్‌సీపీ చేశారు. రాల్ఫ్ డ్రోమ్స్ పేరుతో 1997లో అది ఇప్పటి రూపానికి వచ్చింది. బూట్‌పీ వాడిన 67, 68 సంఖ్యల ద్వారాలనే ఇదీ వాడుకొంటున్నది. తాతగారి ఇంటి తలుపులే.

ఆ బేరంలోనే సర్వరు ఇంకొక కబురు చెబుతుంది. 'నీ వివరాల కాగితం ఫలానా చోట ఉన్నది, వెళ్ళి తెచ్చుకో' అని. ఆ కాగితాన్ని తెచ్చే సేవకుడు మరీ పాతవాడు, టీఎఫ్‌టీపీ, 1981లో ఎం.ఐ.టి.కి చెందిన కారెన్ సాలిన్స్ వ్రాసినది. పేరులోనే 'అల్పమైనది' అన్న మాట ఉన్నది. పాస్‌వర్డు అడగడం తెలియదు, అడిగిన దస్త్రం ఇవ్వడం మాత్రమే తెలుసు. అంత అల్పం గనుకే చిన్న చిప్పులో ఇమిడింది, అందుకే బ్రతికింది. ఇతని ద్వారం సంఖ్య 69, ఆ తాతగారి ప్రక్క గుమ్మమే. (ఇప్పుడు జాగ్రత్తగల వారు దీనిని మాని, రహస్యలిపితో తెచ్చే పద్ధతులు వాడుతున్నారని మేనల్లుడు గట్టిగా చెప్పమన్నాడు.)

సిస్కో ఫోను అడిగే ఆ దస్త్రం పేరులో పుట్టుక అంకెకు ముందు 'సెప్' అని మూడక్షరాలుంటాయి. విస్తరిస్తే 'సెల్సియస్ ఈథర్నెట్ ఫోను'. 1998లో కనుమరుగైన కంపెనీ పేరు ఇప్పటికీ ఫోన్లు నిద్రలేవగానే ఉచ్చరిస్తున్నాయి! 'తైలం' అన్నప్పుడల్లా మనం తెలియకుండానే తిలలను స్మరించినట్లే. నిరుక్తం చదివినవాడికి ఇంతకంటె పండుగ ఏముంటుంది?

కాగితం చేతికి వచ్చాక కాలం అడగాలి. చాలా ఫోన్లలో గడియారం నడిపే బ్యాటరీ లేదు. అందువల్ల మెలకువ రాగానే కొన్ని 1970 జనవరి 1 అనుకొంటాయి. కంప్యూటర్ల యుగాది అది. మన భారత కాలమానంలో ఆనాటి ఉదయం అయిదున్నర. వేరొక సర్వరును అడిగి సరిచేసుకోవాలి, లేకపోతే రహస్యలిపి పత్రాల గడువులన్నీ తారుమారవుతాయి. సంకల్పంలో దేశకాలాలు చెప్పనిదే క్రతువు సాగనట్లే.

ఇప్పుడు రిజిస్టరు. దీని పద్ధతి పేరు సిప్. హెన్నింగ్ షుల్జ్‌రిన్, మార్క్ హ్యాండ్లీ మొదలైనవారు వ్రాసిన ఈ పద్ధతి 1999లో ప్రమాణమై, 2002లో తిరగవ్రాయబడింది. మనిషి ఒకచోట ఉండడు, తిరుగుతుంటాడు. కనుక 'ప్రస్తుతం నన్ను పిలవాలంటే ఈ చిరునామాకు పిలవండి' అని ఒకచోట చెప్పి ఉంచాలి. రిజిస్టరు అంటే అదే. కాని ఎవడో వచ్చి 'ఆసుపత్రి నెంబరు నాదే' అంటే? సర్వరు మొదటిసారి ఎవరినైనా 401 అనే అంకెతో తిప్పిపంపుతుంది. తిప్పుతూ చేతిలో ఒక మాట పెడుతుంది, అప్పటికప్పుడు పుట్టించిన మాట. అవధానంలో దత్తపది అనుకోండి. ఫోను ఆ ఇచ్చిన పదాన్ని తన రహస్య పదంతో కలిపి ఒక సంకేతం కట్టి పంపుతుంది. సర్వరు తన దగ్గరున్న రహస్యంతో తానూ అదే పూరణ చేసి చూసుకొంటుంది. రెండూ ఒకటైతే 200, అంటే సరే. రహస్యం మాత్రం తీగమీద నడవదు. దారిలో ఎవరు విన్నా వారికి పూరణ వినబడుతుందే గాని కీలకం దొరకదు, మరునాడు దత్తపది మారిపోతుంది కనుక ఆ పూరణ వారికి పనికిరాదు.

ఈ హాజరుకూ గడువున్నది. సామాన్యంగా 3600 సెకన్లు, ఒక గంట. గంటలోపు మళ్ళీ పలకకపోతే పేరు కొట్టివేస్తారు. కొట్టివేసిన ఫోను బల్లమీద ఎంత తళతళలాడుతున్నా నెట్‌వర్కు దృష్టిలో లేనట్టే. పిలిచినవారికి గంట వినిపించదు. డాక్టరుగారికి ఆ తెల్లవారుజామున జరిగినది ఇదే. ఫోను బాగుంది, తీగ బాగుంది, చిరునామా వచ్చింది. హాజరు పుచ్చుకోవలసిన సర్వరు, అదే ఆసుపత్రి బీరువాలోని ఒక చిన్న కంప్యూటరు, ఇంకా తన డిస్కును తాను పరీక్షించుకొంటూ కూర్చున్నది. మాస్టారు రాకముందే పిల్లలు తరగతిలో కూర్చున్నట్లు ఫోను తన పాఠమంతా అప్పజెప్పేందుకు సిద్ధంగా ఉండి, అడిగేవారు లేక మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టింది.

రిజిస్టరైన తరువాత రిసీవరు ఎత్తితే పాత నాదమే వినిపిస్తుంది. ఇది ఎక్కడనుంచో రాదు, ఫోను తానే పాడుకొంటుంది. మనకు అలవాటని.

కోనసీమకు ఈ సంగతులు దూరపువి కావు. రాజోలు వైపు, సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామం 2016 డిసెంబరు చివరలో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్ తొలి ఊళ్ళలో ఒకటిగా పత్రికలకెక్కింది. ఇంటికొక పెట్టె, అందులోనే టీవీ, అంతర్జాలం, ఫోను, అప్పట్లో నెలకు 149 రూపాయలు. ఆ పెట్టెలోని ఫోను కూడా ఆసుపత్రి ఫోను వంటిదే, లేవగానే ప్రవర చెప్పుకోవలసినదే. గాజుపోగు వెలుగును మోస్తుంది, కరెంటును మోయదు. కాబట్టి ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోతుంది. రాష్ట్రమంతటా ఆ పోగును చాలావరకు కరెంటు స్తంభాల మీదనే లాగారు. ఖర్చు తగ్గింది, తొందరగా అయింది, తప్పు పట్టను. కాని 1996లో కరెంటుదొక స్తంభం, ఫోనుదొక స్తంభం. రెండూ కూలడానికి రెండు చెట్లు పడాలి. ఇప్పుడు ఒక చెట్టు చాలు.

మరొక పోగొట్టుకొన్నది ఊరు. తీగే పేరైన రోజులలో, ఫోను ఎక్కడున్నదో ఎక్స్ఛేంజికి తెలుసు. ఈ ఫోనును రేపు హైదరాబాదు తీసుకుపోయి తగిలించినా అమలాపురం 08856 నెంబరుతోనే మోగగలదు. వ్యాపారులకు వరం. మరి ఆపదలో పిలిస్తే? అమెరికాలో ఈ చిక్కు చట్టసభ దాకా పోయింది. 2013లో టెక్సస్‌లోని ఒక హోటలు గదిలో తల్లిమీద దాడి జరుగుతుండగా చిన్న కూతురు 911 నొక్కింది. బయటకు పోవాలంటే ముందు 9 నొక్కాలన్న సంగతి ఆ పసిదానికి తెలియదు. తల్లి మరణించింది. ఆమె పేరుతో 2018లో వచ్చిన కారీ చట్టం, కొత్తగా పెట్టే ఆఫీసు ఫోన్లలో ముందు ఏ అంకె లేకుండానే ఆపద పిలుపు పోవాలన్నది. అదే సంవత్సరం మరొక చట్టం, పిలిచినవారు ఏ అంతస్తులో, ఏ గదిలో ఉన్నారో కూడా పిలుపుతోపాటు చేరాలన్నది. స్విచ్చి మొదట చెవిలో చెప్పే మాటలలో ఆ గది వివరాన్ని కూడా చేర్చవచ్చును, ప్రమాణంలో చోటు ఉంచారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైనప్పటినుంచి మనకు ఆపద పిలుపు అలవాటైంది. మన ఆఫీసు ఫోనులో 108 నేరుగా పోతుందా, ముందు సున్నా నొక్కాలా అన్నది మాత్రం ఎందరు చూసి ఉంటారు? నేను అడిగిన మూడు చోట్ల ఇద్దరికి తెలియదు.

మేనల్లుడు వెళ్ళేముందు ఆసుపత్రివారిని అడిగి రెండు పనులు చేశాడు. బీరువాలోని స్విచ్చికీ, ఆ చిన్న సర్వరుకూ కలిపి ఒక యూపీఎస్ పెట్టించాడు. ఫోను హాజరు లేనప్పుడు వచ్చిన పిలుపు డ్యూటీలో ఉన్న నర్సు సెల్‌ఫోనుకు మళ్ళేటట్లు వ్రాశాడు.

"ఇంతకుముందే చేయవచ్చు కదురా?" అన్నాను.

"చేయొచ్చు మావయ్యా. ఇక్కడ కరెంటు పోతుందని ఫోను అమర్చినవాడు అనుకోలేదంతే."

తరువాత మెయిన్ ఆపించాడు. దీపాలు ఆరాయి. ఫోను తెర వెలుగుతూనే ఉన్నది. నర్సమ్మ తన సెల్లునుంచి నొక్కింది, చీకటిలో బల్లమీద ఫోను మోగింది. ఆ వేళ తన సెల్లుకు కూడా ఛార్జింగు నిండుగా ఉందని చూపించింది.